రెండో పట్టీ

మా ఇంటి టైలరమ్మగారికి,

నీ డ్రైవరు రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నేనూ క్షేమమే. ఉత్తరమన్నాక ఆ మాటతోనే మొదలుపెట్టాలి కదా, అందుకని రాశాను. మిగతాది చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, నెలలు నిండకుండానే వచ్చి ఆసుపత్రి అద్దాలపెట్టెలో ఉన్న మన బుల్లి మనవరాలూ క్షేమమని తలుస్తాను. పాప బరువు కాస్త పెరిగిందని రాశావు. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. అమ్మకు కూడా చదివి వినిపించాను. "ఎవరి పాప?" అంది. నీ మునిమనవరాలే అన్నాను. "అయితే జుబ్బా కుట్టాలి. కొలతలు తీసుకురా" అంది. అద్దాలపెట్టెలో ఉన్న పిల్లకు కొలతలు ఎక్కణ్ణుంచి తేను?

ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నానని కోప్పడ్డావు. నేను ఫోన్ చేయగానే నువ్వు స్పీకరు పెడతావు. పక్కన అమ్మాయి చెవులు రిక్కించుకుని ఉంటుంది. పచ్చి బాలింత. ఇక్కడి సంగతులు దాని చెవిన పడకూడదనే ఈ కాగితం పట్టుకున్నాను. చదివాక దాని కంటపడకుండా దాచు. నాన్న ఏం రాశాడని అడిగితే, కుట్టుమిషన్ బాగు చేసుకుంటున్నాడని చెప్పు. అది నిజమే కూడా.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి కారడం ఆగలేదు, కింద బకెట్ పెట్టాను. నీ కుండీలు బతికే ఉన్నాయి. నీ ప్రశ్నల్లో తేలికైనవన్నీ అయిపోయాయి. ఇక అమ్మ తింటోందా అన్న ప్రశ్న. దానికి జవాబు మిషన్ దగ్గర మొదలుపెట్టి చెప్పాలి.

నువ్వు ఉన్నప్పుడు ఈ సంగతి నేను గమనించనే లేదు. నువ్వు సాయంత్రం మిషన్ తొక్కుతూ ఉంటే అమ్మ మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ పెట్టినంతా తినేసేది. నీ చేతివంట మహిమ అనుకునేవాణ్ణి. నువ్వు వెళ్లాక నేను ముద్ద కలిపి పెడితే నోరు బిగించేసింది. బతిమాలాను, కథలు చెప్పాను, వేలు చూపించి అరిచాను కూడా. ఉహూ. "షాపు మూసేశారా? మిషన్ ఆగిపోయిందేం?" అని ఒకటే అడగడం. అప్పుడు వెలిగింది నాకు. జీవితమంతా టైలరు షాపులో మిషన్ల మధ్య బతికిన మనిషి. ఆ చప్పుడు ఉంటేనే ఆమెకు రోజు నడుస్తున్నట్టు, అన్నం వేళ అయినట్టు. అది లేకపోతే ఏదో జరగరానిది జరిగిందని భయం.

సరే, చప్పుడే కదా కావలసింది అని నీ మిషన్ ముందు కూర్చుని ఊరికే తొక్కాను. దారం లేదు, గుడ్డ లేదు. అమ్మ అటువైపు తిరిగి పడుకుని ఉంది. తిరగకుండానే అంది: "ఎవడ్రా అది, ఉత్త మిషన్ తొక్కేది? గుడ్డను లాగే పళ్లు అరిగిపోతాయి. గుడ్డ పెట్టు."

నేను బస్సు ఎక్కి కూర్చోగానే ఇంజను దగ్గునుబట్టి దానికేం జబ్బో చెబుతానని నువ్వు అందరి దగ్గరా గొప్పలు చెబుతావు కదా. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

గుడ్డ పెట్టాను, దారం ఎక్కించాను, కుట్టాను. పైన చూస్తే ముత్యాల వరస. తిప్పి చూస్తే కింద పిచ్చుక గూడు. ఉచ్చులు ఉచ్చులుగా దారం. లాగితే మొత్తం ఊడి చేతికి వచ్చింది. అమ్మ "కింద చుట్టుకుంటోంది, ఆపు ఆపు" అని కంగారుపడి కంచం తోసేసింది. ఆ రోజే నేను నీకు మొదటి ఉత్తరం రాశాను. నువ్వు బొమ్మ గీసి మరీ జవాబు పంపావు. పుణ్యం కట్టుకున్నావు. దారం ఎక్కించేటప్పుడు గుడ్డను అదిమిపట్టే పాదం పైకి ఎత్తి ఉంచాలని, లేకపోతే టెన్షన్ మర దగ్గరి రెండు బిళ్లలూ మూసుకుని ఉండి దారం వాటి మధ్యకు దిగదని రాశావు. నేను పాదం దించే ఎక్కించాను మరి. బ్రేకు మీద కాలు పెట్టినట్టు, పాదం దించి ఉంచితేనే భద్రమనుకున్నాను. ఎత్తి ఎక్కించాక గూళ్లు పోయాయి. ఆ పూట అమ్మ సగం తింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, నీతో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

తర్వాత మరో రోగం. కాసేపు చక్కగా నడుస్తుంది, ఉన్నట్టుండి పైదారం టప్పున తెగుతుంది. మళ్లీ ఎక్కిస్తే కాసేపు బాగుంటుంది, తర్వాత కింద ఉచ్చులు. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే చేశాను. సూది మార్చాను. సూది చదును వైపు నువ్వు చెప్పిన పక్కకే పెట్టాను. కింది దారం చుట్ట ఉండే బాబిన్ కేసు తీసి బ్రష్షుతో దులిపితే దిండు నింపేంత నూగు వచ్చింది. నూనె వేశాను. పైన టెన్షన్ మర కాస్త వదులు చేస్తే కింద ఉచ్చులు, కాస్త బిగిస్తే పైన తెగుడు. తల ప్రాణం తోకకు వచ్చింది. ఇక చివరికి, బాబిన్ కేసు మీద ఉండే ఆ చీమంత మర ఉందే, ప్రాణం పోయినా ముట్టుకోవద్దని నువ్వు కింద గీత గీసి మరీ రాసినది, దాన్ని కూడా తిప్పాను. తిట్టుకో. ఇక్కడ నీ ముందు లేను కాబట్టి బతికిపోయాను.

మెకానిక్కును పిలిచాను. బక్కపలచటి మనిషి, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని మాట్లాడతాడు. అంతా విప్పాడు, నేను చెడగొట్టిన మరను సరిచేశాడు, సంచిలోంచి తన గుడ్డా తన బాబినూ తీసి కుట్టి చూపించాడు. గీత గీసినట్టు వచ్చింది కుట్టు. "మిషన్ బంగారం సార్, మీ చేతిలోనే ఉంది లోపం" అని వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో మిషన్ మళ్లీ మొదటికి వచ్చింది. ఆ రాత్రి అమ్మ తినలేదు. మర్నాడూ తినలేదు. నీళ్లు మాత్రం, అదీ పెదాలు తడిపితే. చెయ్యి పట్టుకుంటే ఎముకలు వేళ్లకు తగిలాయి. నా కళ్ల ముందే, నా ఇంట్లోనే, అన్నం ఎదురుగా పెట్టుకుని మా అమ్మ ఆకలితో పోతుందా అనిపించింది.

ఇందులో నా ఘనకార్యం ఏమిటో చెబుతాను, విను. అమ్మ చేతులు ఊరికే ఉండవని నువ్వు పాత బాబిన్ల డబ్బా ఒకటి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లావు. రోజంతా ఆ దారం విప్పుతుంది, మళ్లీ చేత్తో చుడుతుంది. నీ మంచి బాబిన్లేమో మిషన్ సొరుగులో ఉండేవి. నువ్వు వెళ్లిన కొత్తలో ఇల్లు సర్దుదామని బుద్ధి పుట్టింది నాకు. ఒకే సామాను రెండు చోట్ల ఎందుకని సొరుగులోవన్నీ తీసి అమ్మ డబ్బాలో కలిపేశాను. ఇక అప్పటినుంచి అమ్మ చేత్తో చుట్టినవే మిషన్లో పెడుతున్నాను. చూడటానికి నిండుగానే ఉంటాయి మరి.

కనిపెట్టింది నేను కాదు, అమ్మే. ఆ మర్నాటి పస్తు మీదే మంచం దిగి, గోడ పట్టుకుని, మిషన్ దగ్గరికి వచ్చింది. నన్ను పక్కకు జరగమంది. ఇప్పుడు నేనెవరో ఆమెకు తెలియదు, నీకు చెప్పలేదు. కుట్టు నేర్చుకోవడానికి షాపులో కొత్తగా చేరినవాణ్ణి అనుకుంటోంది. "కొత్తబ్బాయ్" అని పిలుస్తుంది. నా నెరిసిన మీసం చూసి కూడా అదే పిలుపు. బాబిన్ కేసు బయటికి లాగి, దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీసింది. చిన్న కుదుపు ఇచ్చింది. అది సర్రున కిందికి జారి, మధ్యలో ఆగి, మళ్లీ జారింది. బాబిన్ తీసి బొటనవేలితో నొక్కి చూసింది.

"ఇక్కడ దూదిలా మెత్తగా ఉంది. ఇక్కడ రాయిలా ఉంది. ఇట్లా చుడితే దారం ఎట్లా వస్తుంది? ఏ దద్దమ్మ చుట్టింది దీన్ని?"

నువ్వేనమ్మా అని ఎలా చెప్పను? "నేనే" అన్నాను.

"నేర్చుకో" అని, ఆ దారమంతా విప్పి పారేసి, బాబిన్ను మిషన్ చక్రం పక్కన చుట్టే చోట తగిలించి, నన్ను తొక్కమని, తన వేలు దారానికి ఆనించి చుట్టించింది. ఆ వేలు వణకలేదు. చెంచా పట్టుకుంటే సగం ఒలకబోసే చెయ్యి అది. కేసులో పెట్టి మళ్లీ వేలాడదీస్తే కదలకుండా నిలబడింది, కుదిపితే కొంచెం జారి ఆగింది. "ఇదీ" అంది. కుట్టాను. పైనా కిందా ఒకటే వరస. అమ్మ మంచం దగ్గరికి వెళ్లి కూర్చుని కంచం కోసం చెయ్యి చాపింది.

అప్పటినుంచి తింటోంది. నేను ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తొక్కుతాను, మధ్యలో లేచి ముద్ద పెడతాను, మళ్లీ తొక్కుతాను. డ్రైవరూ నేనే, కండక్టరూ నేనే. ఇక్కడితో ఉత్తరం ముగించి, అంతా బాగుంది అని సంతకం పెట్టేయాలని ఎంత ఆశగా ఉందో.

కానీ నేను ఏం కుడుతున్నానో నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు.

నా సెలవు అయిపోవచ్చింది. పొడిగించమని డిపో మేనేజరు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మంచివాడే, కుర్చీ కూడా వేశాడు. "బండ్లు ఉన్నాయి, నడిపేవాళ్లు లేరు, సోమవారం నువ్వు రాకపోతే నా చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు. మానేద్దామంటే అక్కడ పాప ఆసుపత్రి ఖర్చు నా ఉద్యోగాన్ని పట్టుకునే నడుస్తోంది, ఆ సంగతి నీకూ తెలుసు. వృద్ధాశ్రమానికి వెళ్లాను. అవును, నీకు చెప్పకుండానే వెళ్లాను. వాళ్లు అమ్మను చూసి, ఇలా లేచి తిరిగేవాళ్లను మేం తీసుకోలేం, మాకు కాపలా లేదు అన్నారు. ఇస్త్రీ బండి అక్క మధ్యాహ్నం వచ్చి అన్నం పెడతానంది. ఆ కాసేపే. ఆమె బతుకు ఆమెది.

తిరగడమంటే వాకిట్లో తిరగడం కాదు. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పెద్దరోడ్డు మధ్యలో నిలబడి, దారం కొనాలి షాపు ఎక్కడ అని లారీలను అడుగుతోంది. లారీ డ్రైవరు దిగి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పాడు. అతనికి మంచినీళ్లు ఇవ్వాలని కూడా నాకు తోచలేదు. ఆ తర్వాత తాళం వేసి అంగడికి వెళ్లాను. వచ్చేసరికి కిటికీ అద్దం పగలగొట్టుకుని ఉంది. అరచేయి కోసుకుంది. కుట్లు వేయించాను. డాక్టరు కుడుతూ ఉంటే కుట్లు దూరం దూరంగా పడుతున్నాయని అతన్ని కూడా తిట్టింది.

అందుకని నా పాత యూనిఫాం ప్యాంట్లు కత్తిరించి పట్టీ కుడుతున్నాను. అరచేయంత వెడల్పు, లోపల మెత్తగా తువ్వాలు ముక్క. ఒక కొస మంచం కోడుకు, ఒక కొస అమ్మ చేతికి. నేను డ్యూటీకి వెళ్లి వచ్చేదాకా.

రాసేశాను. లేచి తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

మొదటి పట్టీ కుడుతుంటే అమ్మ వచ్చి చేతిలోకి తీసుకుని చూసింది. కుట్టు మీద గోరుతో గీసి చూసింది. "బాగా వచ్చింది. ఎవరి కోసం?" అంది. బస్సు మీద సామాను కట్టడానికి అన్నాను. "సామానుకైతే ఒక్క కుట్టు ఆగదు. గుంజుడుకు ఊడిపోతుంది. కొసల్లో చదరం వేసి, మధ్యలో మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు వెయ్యి. ఏనుగు లాగినా రాదు" అంది. పక్కన నిలబడి వేయించింది. ఒకచోట వంకర పోతే విప్పించి మళ్లీ వేయించింది. నేను వేశాను. తన చేతికి కట్టేదాన్ని తానే దగ్గరుండి గట్టిచేయిస్తుంటే, నేను బుద్ధిగా వేశాను.

నిన్న డిపోలో సంతకం పెట్టడానికి పిలిచారు. వెళ్లి రావడమే కదా, ఒకసారి కట్టి చూద్దాం, సోమవారానికి అలవాటవుతుంది అనుకున్నాను. కట్టాను. నవ్వుతూ చెయ్యి చాపింది, కొలత తీసుకుంటున్నాననుకుంది కాబోలు. "కొలిచేటప్పుడు ఒక వేలు పట్టేంత వదులు ఉంచాలి, కొత్తబ్బాయ్" అని కూడా చెప్పింది. ఒక వేలు పట్టేంత వదులు ఉంచి, రెండో చేత్తో విప్పుకోలేని ముడి వేశాను.

డిపోలో నా మనసు మనసులో లేదు. పరుగున తిరిగి వచ్చాను. అమ్మ ఏడుస్తూ ఉంటుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మంచం అంచున బుద్ధిగా కూర్చుని ఉంది. మణికట్టు చుట్టూ ఎర్రగా కందిపోయింది. మంచమే గోడ దగ్గర్నుంచి జానెడు జరిగి ఉంది. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"లాగి చూశాను కొత్తబ్బాయ్. చాలాసేపు లాగాను. ఒక్క కుట్టు కూడా కదల్లేదు. నీకు పని వచ్చేసింది" అంది.

మా అమ్మ నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, నీకు తెలుసు కదా. లైసెన్సు వచ్చిన రోజు కూడా "జాగ్రత్తగా నడుపు" అంది అంతే.

ముడి విప్పి, ఆ పట్టీ తీసి చెత్తబుట్టలో పడేశాను. అమ్మ లేచి వెళ్లి తీసుకుని, దులిపి, మడతపెట్టి మిషన్ మీద పెట్టింది. అప్పుడు అడిగింది, రెండోది ఏదని. ఇలాంటివి జతగా ఇవ్వాలి, ఒక్కటి ఇస్తే షాపు పరువు పోతుంది అంది.

ఇప్పుడు కూడా అదే గొడవ. పొద్దుటినుంచి మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పాప జుబ్బాకని మెత్తటి గుడ్డ పెట్టి మొదలుపెట్టాను, లాగేసింది. మొదలుపెట్టిన పని పూర్తి కావాలట. ఖాకీ ముక్క కత్తిరించి పాదం కింద తనే పెట్టి, పాదం దించి, నా కోసం చూస్తోంది. అన్నం కలిపి ఉంచాను. మిషన్ ఆడితేనే గాని ముద్ద ముట్టదు. రెండోది కుట్టకపోతే తినదు. కుట్టానంటే సోమవారానికి రెండు చేతులకూ ఉంటాయి.

నిన్ను రమ్మని రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పాప బరువు పెరిగిందన్న నీ వాక్యం ఎదురుగా ఉంది, ఆ మాట రాయలేకపోతున్నాను. నేను తప్పు చేయలేదని మాత్రం రాయకు, నమ్మను.

నాకు ఇంకొక్క సంగతి చెప్పు. ఇన్నాళ్లూ కుట్టు ఊడకుండా ఎలా కుట్టాలని నీ ప్రాణం తీశాను. ఇప్పుడు లాగితే ఊడిపోయేలా కుట్టడం ఎలాగో కావాలి. పైన టెన్షన్ వదులు చేయనా, కుట్టు పొడవు పెంచనా, పాత దారం పెట్టనా, ఏది చేసినా చెవికి మాత్రం తేడా తెలియకూడదు, ఆమె వింటూ ఉంటుంది. చప్పుడు సరిగ్గా ఉండాలి, అమ్మ కడుపునిండా తినాలి, నేను వెళ్లాక చెయ్యి లాగితే పట్టీ విడిపోవాలి. విడిపోతే రోడ్డు మీదికి వెళుతుందని తెలుసు. తెలిసే అడుగుతున్నాను. అలాంటి కుట్టు ఏదైనా ఉంటే బొమ్మ గీసి వెంటనే పంపు.

పిలుస్తోంది, వెళ్లాలి.

ఇట్లు,
మీ అత్తగారి కొడుకు